ఎడం పక్క పెట్టె

"ఒక చెవికి రెండు పెట్టెలెందుకప్పా?"
అన్నాడు చర్చి వీధి అంగడాయన,
నేను కుడి చెవి ముందుకు పెట్టి వింటా ఉంటే.
ఎగతాళి కాదు. లెక్క చెప్పినాడంతే,
సగం దుడ్డు మిగుల్తాది కదా అని.

ఇరవై రెండేండ్లు
మురకంబట్టు దావలో రాయి కోసినా.
నీళ్ళు చిమ్ముతా తిరిగే రంపం
నాకు ఎడం పక్కనే ఉండేది.
చెవి ఎప్పుడు పోయిందంటే చెప్పలేను.
పిచ్చుకలు ముందు పోయినాయి,
తర్వాత కుక్కరు విజిలు,
తర్వాత వళ్ళియమ్మ గుసగుసలు.
గట్టిగా చెప్పు మే అంటే
"గట్టిగా చెప్పే మాటలు కావులే" అనేది.

పని మానేసినాక చేతికొచ్చిన దాంట్లో
అప్పు పోను, మిద్దె కారకుండా పూత పోను
పదునాలుగు వేలు మిగిలినాయి.
యాంప్లిఫయరు మదరాసు నుంచి తెప్పించినా.
పాతదే. అల్యూమినియం మొగం.
గుండీ తిప్పితే వెన్నలో కత్తి దిగినట్టుంటాది.
నలభై వాట్లు చాలునా అంటే
"పదడుగుల గదికి ఇంకెంత సామీ,
పెండ్లి పందిట్లో పెడతావా?" అన్నాడు అంగడాయన.
పెట్టెలు మాత్రం నేనే ఎత్తి చూసినా.
రాయి పని చేసినోణ్ణి, బరువును నమ్ముతా.
వేలితో తట్టితే
ఒకటి ఖాళీ తొట్టి మాదిరి మోగింది, వద్దన్నా.
ఇంకోటి టక్కుమని నోరు మూసుకుంది.
ఇది. ఇదే కావాలన్నా.
సొంత గొంతు లేనిదే
ఇంకొకరి పాట సక్రంగా చెప్తాది.

ఫ్యాక్టరీ వెనక గుట్టలో
నాలుగు గ్రానైటు ముక్కలేరుకొచ్చినా,
ఒక పక్క అద్దం, ఇంకో పక్క గరుకు.
వాటి మీద సైకిలు ట్యూబు ముక్కలు,
ట్యూబు మీద పెట్టెలు, గోడకు మూరెడు దూరం.

మొదటి రోజు మృదంగం కనపళ్ళేదంది వళ్ళియమ్మ.
వాయించేటోడు లేచి వంటింట్లోకి పోయినట్టుండాదంట.
నాకేం తేడా తెలీలేదు.
టార్చిలైటు బ్యాటరీ తీసి తీగలకు ముట్టించినా:
కుడి కోను ముందుకు దూకింది,
ఎడంది వెనక్కి నక్కింది.
ఎర్ర తీగను నల్ల రంధ్రంలో దూర్చినా, అంతే.
మార్చినా.
ఈసారి పెట్టె మీద చెయ్యి పెడితే
దరువు మోచేతి దాకా వచ్చింది.

ఇంక కుర్చీ యాడ?
పెట్టెకూ పెట్టెకూ ఎంత ఎడమో
మనిషికీ అంతే ఉండాలంట.
నేను తాడు పట్టినా,
ఆమె ముగ్గుపిండితో మూడు చుక్కలు పెట్టింది.
మూడో చుక్క మీద కుర్చీ, కుర్చీలో ఆమె.
పాట మొదలైంది.
గబుక్కున మొగమెత్తింది.
"ఆయమ్మ పెట్టెల్లో లేదు,
అదో, క్యాలెండరు కింద నిలబడుండాది!"

నేనూ కూర్చుని చూసినా.
నాకైతే ఆయమ్మ కుడి పెట్టెలోనే ఉండాది.
తల వంచినా, తిప్పినా, కుర్చీ జరిపినా.
బ్యాలెన్సు గుండీ మీద చెయ్యి వేస్తే
వళ్ళియమ్మ పట్టుకుంది,
"తిప్పొద్దు, ఆయమ్మ పోతాది."

"నీ చెవి తిన్న రాయి మీదే
పాట నిలబడుండాది చూడు" అంది ఇంకో రోజు.
ఆ మాట నాకు నచ్చలేదు.
రాయికేం తెలుసు.
చెవికి ఇంత దూది కూడా ఇయ్యని షెడ్డుది కదా తప్పు.

ఇప్పుడు రోజూ దీపాలు పెట్టినాక
ఆమె కుర్చీలో, నేను కింద,
ఎడం పక్క రాయి మీద అరచెయ్యి పెట్టుకొని.
"యాడుండాది?" అంటా.
వేలు చూపిస్తాది.
నిన్న పాట నడిమధ్యలో
నా ఎడం పక్కకు వంగి ఏదో అంది.
మళ్ళీ చెప్పమనలేదు.
క్యాలెండరు కింద సున్నం రాలిన గోడ, ఒక పాత మేకు.
చూస్తానే ఉన్నా.