బెజ్జం

చీమకుర్తి క్వారీలో పద్దెనిమిదేళ్లు
రాతికి బెజ్జాలు పెట్టినోణ్ణి.
పొర యాడుందో, డ్రిల్లు యాడ ఆపాలో
నా చేతికే తెలిసేది.
బెత్తెడు అటైతే దిమ్మంతా పగుళ్లు,
మేస్త్రీ నోట్లో మా అమ్మ.

ఇయ్యాల ఒంగోలు ఆసుపత్రిలో
పొట్టకింద దిండేసి బోర్లా పడుకోబెట్టి
నా నడుం మీద పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టింది
మా పెద్దపిల్ల ఈడు డాక్టరమ్మ.
సుద్దముక్కతో నేను రాయికి పెట్టినట్టే.

ఆర్నెల్లు.
పిర్ర కాడ మొదలై తొడ వెనకమాలగా
పిక్క పక్కన దిగి బొటనవేలి దాకా
తెగిపడ్డ కరెంటు తీగ.
ఎదురుకాళ్లతో పుట్టినోడు తంతే పోద్దన్నారు.
పక్కవీధి పిల్లోడు మూడాదివారాలు తన్నాడు,
నాలుగో ఆదివారం వాడికే విసుగొచ్చింది.
ఇయ్యాల బస్సులో సీట్లన్నీ ఖాళీ,
నేను మాత్రం ఒంగోలు దాకా నిలబడే వచ్చా.

తలపక్కన తెరమీద నా వెన్ను.
నలుపులో తెల్లటి మినుకులు.
మా రాయే గదా అనుకున్నా.

సూది దిగింది.
కొంచెం ఆగి, తెర చూసి, మళ్లీ దిగింది.
ఈమె కూడా పొరే వెతుకుతోంది.
"కదలొద్దు మాలకొండయ్యా."
కదల్లా. రాయి కదుల్తుందా?

మందు ఎక్కుతుంటే
ఆ పాతనొప్పే, అదే దోవన
వేలి దాకా ఒక్క పరుగు తీసింది.
"కాల్లోకి వస్తోందా?"
"వస్తంది."
"అయితే సరైన చోటే ఉన్నాం" అంది నవ్వుతా.
నా నొప్పిని చూసి సంతోషించిన మనిషి
ఈమె ఒక్కతే.

తర్వాత కాగితం మీద రాస్తా చెప్పింది.
జారిన డిస్కు జారినట్టే ఉంటుందంట,
నరం వాపు మాత్రం తీస్తుందంట.
మూణ్ణెల్లు రావచ్చు, ఆర్నెల్లు రావచ్చు,
అసలు రాకపోవచ్చు.
షుగరు పెరుగుద్ది, వారం పాటు చూసుకో.
ఇక డ్రిల్లు మాట మర్చిపో.
రవణమ్మ అన్నిటికీ తలూపింది.
నేను ఆఖరిదానికి ఊపలేదు.

నాలుగో రోజు తెల్లారుజామున మెలకువొచ్చింది.
ఇంట్లో ఏందో తక్కువైంది.
ఫ్యాను తిరుగుతానే ఉంది, గడియారం నడుస్తానే ఉంది.
చీకట్లో తడుముకుంటే
కాలు.
ఊరికే ఉంది, కాలు మాదిరి.
రవణమ్మని లేపలా,
అలికిడికి మళ్లీ వస్తుందేమోనని.

అంతలో కొండవైపు నుంచి
మొదటి కంప్రెసర్ మోత.
దుప్పటి కింద నా రెండు చేతులూ
ఎవురూ చెప్పకుండానే
పిడి పట్టుకున్నాయి.