ఉప్పెయ్యని వంట

ఆరొందల ఆకులకి సాంబారు కాసిన చెయ్యి ఇది.
గుణుపురం నుంచి కాశీనగరం దాకా
ఏ పెళ్లి పందిరి వెనక పొగ లేచినా
ఆ పొగ కింద నేనుండేవాణ్ని.
ఇవాళ పర్లాకిమిడిలో, మా వెనకింట్లో,
ఏడు చేపలకి వండుతున్నాను.

చేపలు నావి కావు.
అద్దెకున్న సాహు బాబువి.
బ్యాంకువాళ్లు మల్కన్‌గిరి వేశారు.
లారీ మీదికి బీరువా ఎక్కింది, సైకిలెక్కింది,
నీళ్లున్న అద్దాల పెట్టె ఎక్కలేదు.
"దండాసి భాయి, పది రోజులే" అన్నాడు.
దసరా వెళ్లింది.
కుమార పున్నమి కూడా వెళ్లింది.

డబ్బాలో గుళికలు అయిపోయాయి.
బరంపురం నుంచి సరుకు రావాలంటాడు కొట్టువాడు,
వస్తుంది, వస్తుంది, అని
వారం నుంచీ అదే మేత వేస్తున్నాడు నాకు.

అప్పుడు తీశాను
పెట్టె కింద మడతపెట్టి ఒగ్గేసిన కాగితం.
ఒడియా అక్షరాలు,
ఒక్కొక్కటీ నెత్తిన గొడుగేసుకుని
వానలో వరస కట్టినట్టు.
మాట నాకొచ్చు. బేరమాడతాను, తిడతాను కూడా.
రాత దగ్గరికొస్తే మాత్రం
గుమ్మం బయట నిలబడ్డవాణ్ని.

పక్కింటి గుంట లోలాక్షి ఆరో తరగతి.
వేలు పెట్టి చదివింది:
"బఠాణీలు, పాలకూర, రొయ్యలు, ఒక్క రసుణ రెబ్బ.
దీని కింద గట్టిగా గీత కొట్టాడు తాతా.
లుణ నాహి. తేల నాహి. లంకా నాహి."
ఉప్పు లేదంటే, అయిపోయిందనా, వెయ్యొద్దనా?
గుంట పొట్ట పట్టుకుని నవ్వింది.

చిలికా రొయ్యలు పావు కిలో,
వీపున నల్లదారం లాగి, ఆవిరి చూపించి తీశాను.
బఠాణీలు ఉడికించి ఒక్కోదాని తొక్కా ఒలిచాను.
ఏ మగపెళ్లివారికీ ఇంత మర్యాద చెయ్యలేదు.
ఏదో రిసెప్షన్ పుడ్డింగుకి కొంటే మిగిలిన చైనా గ్రాస్
మరిగించి, రుబ్బిన ముద్దలో పోసి కలుపుతుంటే
కుడిచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లింది.
ఉప్పు జాడీ మూత మీద ఆగింది.
తాగొచ్చిన బావమరిదిని
పందిట్లోంచి అవతలకి నడిపించినట్టు
ఎడంచేత్తో దాన్ని పట్టుకుని తెచ్చుకున్నాను.

రుచి చూడకుండా ఎవరికీ పెట్టలేదు ఇన్నాళ్లూ.
అరచేతిలో వేసుకుని నాకాను.
ముందు ఏమీ లేదు.
తర్వాత ఆకు పసరు. ఆ తర్వాత, చాలా వెనక నుంచి,
తీపి.
బఠాణీ ఇంత తియ్యగా ఉంటుందని
అరవై మూడో ఏట తెలిసింది.
పొయ్యి ఆర్పేసినా
కాసేపు అక్కడే కూర్చున్నాను.

పళ్లెంలో ఆరబోసి, గోరంత ముక్కలు కోసి
లోలాక్షి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించాను.
ఆ రాత్రి వాళ్ల నాన్న డ్యూటీ దిగొచ్చి
అట్టుతో నాలుగు ముక్కలు నంజుకున్నాడట.
దండాసి చేతి పచ్చడి కదా,
పెద్దాయన, మతిమరుపొచ్చినట్టుంది పాపం, అని
ఎవరితోనూ అనలేదట.

పొద్దున్న ఒక ముక్క వేశాను.
నారింజ రంగుది వచ్చింది, నోట్లోకి తీసుకుంది,
ఉమ్మేసింది.
ఆ మొహం నాకు తెలుసు.
ప్రతి పెళ్లిలోనూ, మొదటి బంతిలో,
పెళ్లికొడుకు మేనమామకి ఉంటుంది.
నేను గరిట పట్టుకున్నవాడిలాగే నిలబడ్డాను.
అది ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది.
ఈసారి ఉమ్మలేదు.
మిగతా ఆరూ దాని మీద పడ్డాయి.

కాగితం అడుగున కొంచెం చోటుంది.
పెన్సిల్‌తో, నా తెలుగులో, రాసిపెట్టాను:
"వెల్లుల్లి సగం రెబ్బ చాలు.
నారింజదానికి బఠాణీ ఇష్టం.
నల్లదానికి కంగారెక్కువ, చివర్న వెయ్యాలి."
సాహు బాబుకి ఈ అక్షరాలు రావు.
పరవాలేదు.
మల్కన్‌గిరిలో మాత్రం
చదివిపెట్టే గుంట ఒకత్తి ఉండదేటి?