మరిచిపోయే మీట

త్బిలిసి నుంచి మూడు గంటలు
వ్యాను వెనక సీట్లో, ఒళ్లో స్కానర్ పెట్టెతో వచ్చాను.
చియాతురాలో వాన.
గనుల నలుపు కలిసిన వాన,
గొడుగుకి కూడా మసి బొట్లు పెడుతుంది.

లైబ్రరీ పై అంతస్తులో. కింద రొట్టెల బట్టీ.
ఆ సెగకి గచ్చు వెచ్చగా ఉంటుందని
పిల్లలు మేజోళ్లు విప్పేసి నేల మీదే చదువుతున్నారు.

ఎతేరి గారు నేనిచ్చిన ఫారం గట్టిగా చదివారు:
“గడచిన మూడేళ్లలో మీ గ్రంథాలయం చేపట్టిన
నూతన ఆవిష్కరణలు. సాంకేతికమైనవి విడిగా రాయండి.”
చెవి వెనక పెన్సిలు తీసి
‘ఏమీ లేవు’ అని రాశారు.
సాంకేతికం గడిలో అడ్డంగా ఒక గీత.
“టీ తాగుతావా, బాబూ?”

కిటికీ మేకుకి ఒక గుడ్డసంచి.
రోప్‌వే డబ్బాలో కొండమీది పేటకు పోయే సంచి అట అది.
గనుల్లో మోకాళ్లు అరగదీసుకున్న వాళ్లు దిగి రాలేరు,
పుస్తకాలే ఎక్కి వెళ్తాయి.
డబ్బా నడిపే నజీబ్రోలా దారిలో తనూ చదువుతుంది,
అందుకని ప్రతి గడువుకీ రెండు రోజులు కలుపు.
మరి ఇది రాయలేదేం అంటే
“అది సంచి కదా” అన్నారు.

నా బ్యాటరీ పెట్టె చుట్టూ ఓసారి తిరిగారు.
కరెంటు పోతే ఎంతసేపు?
నాలుగు గంటలండీ, కంప్యూటర్‌కి.
వేళ్లు మడిచి ఏదో లెక్క కట్టారు.
“నోదార్ ఊపిరి మిషనుకైతే
ఆరు వస్తాయి. రెండిళ్ల అవతలే. వైరు పొడుగుది తెచ్చావా?”

సాయంత్రం పాఠకుల కార్డులు ఎక్కించబోయాను.
ఒకటి దీపానికి అడ్డం పెట్టి చూశాను.
పుస్తకం పేరుండాల్సిన చోట
కాగితం ఉల్లిపొరలా పలచబడి ఉంది.
ఇంకోటీ అంతే. అన్నీ అంతే.

ఆవిడ సొరుగు లాగారు.
నిండా అరిగిన రబ్బరు ముక్కలు,
గోరంతవి, చిక్కుడు గింజంతవి.
ఒకటి ఏనుగు బొమ్మది, తొండం మాత్రం మిగిలింది.

“ఆ రోజుల్లో ఒకాయన నెలకోసారి వచ్చేవాడు.
బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చే మర్యాదస్తుడు.
ఎవరేం చదివారో చూసి పోయేవాడు.
నేను పెన్సిలుతో రాసేదాన్ని.
పుస్తకం తిరిగొచ్చిన పూటే చెరిపేసేదాన్ని.
సిరా వాడవేం అని అడిగాడు.
సిరాకి డబ్బులు రావడం లేదన్నాను.
ఈ ఊళ్లో ఎవరూ ఏమీ చదవరని పైకి రాశాడు.
మొద్దుల ఊరని పేరు పడ్డాం.
పడితే పడ్డాం.”

అప్పుడు నా మిషను వైపు తిరిగి,
“ఇది మరిచిపోగలదా?”

నేను గర్వంగానే చెప్పాను:
ఒక్క అక్షరం పోదు, మూడు నగరాల్లో నకళ్లుంటాయి,
ముప్పై ఏళ్ల తర్వాతైనా చెబుతుంది
ఎవరు, ఏ పుస్తకం, ఏ రోజు అని.
వైద్యుడు చెడ్డ కబురు చెబుతున్నట్టు విన్నారావిడ.
“మరిచిపోయే మీట ఎక్కడుంది?”

నలభై రెండు లైబ్రరీలు తిరిగాను.
వేగం అడిగారు, రంగులు అడిగారు,
ఇది ఎవరూ అడగలేదు.
నాకూ తోచలేదు, అది వేరే సంగతి.

ఆ రాత్రి హోటల్ హీటర్ మీద తడి సాక్సులు ఆరేసి
పదకొండు వరుసలు రాశాను.
పదో వరుస రెండింటిదాకా మొండికేసింది.
పుస్తకం తిరిగొస్తే పేరు పోవాలి,
నకళ్లలోంచి కూడా. అంతే పని.

పొద్దున తీనాతిన్ అనే పిల్ల
చంకలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి ఇచ్చింది.
స్కానర్ కూసింది. పేరు పోయింది.
ఎతేరి గారికి నమ్మకం కలగలేదు,
మూడుసార్లు వెతికించారు.
తర్వాత ఏమీ అనలేదు.
అరచేతి అంచుతో బల్ల తుడిచారు,
లేని రబ్బరు పొట్టుని
ఉఫ్ అని ఊదారు.

తిరుగు వ్యానులో ఫారం తీశాను.
‘ఏమీ లేవు.’
అది చెరిపి రాద్దామంటే
స్కానర్లు, వైర్లు, రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి సంచిలో.
రబ్బరు లేదు.