రెండున్నర

సొహార్ పోర్టు రోడ్డులో, మా ఆఫీసు ఏసీ కింద కూర్చుని
పోయిన ఏడాది ఒక లైను రాశాను.
రౌండ్, బ్రాకెట్టు, ఓటీ గంటలు, బ్రాకెట్టు.
పైథాన్‌తో పాటే వచ్చిన ఫంక్షన్ అది,
అద్దె ఇంట్లో ముందే బిగించి ఉన్న స్విచ్చిలా.
వేస్తే వెలిగింది. వైరు ఎటు పోయిందో
ఎవరు చూస్తారు?

నిన్న లింబాద్రి వచ్చాడు.
స్కఫోల్డింగ్ గ్యాంగు. భీంగల్ దగ్గరి మనిషి.
హెల్మెట్ తీస్తే నుదుటి మీద పట్టీ గీత,
గీతకు పైన ఒక రంగు, కింద ఒక రంగు.
జేబులోంచి సిగరెట్ పెట్టె అట్ట తీశాడు.
రోజుకో గీత, నెలకు ఇరవై ఆరు.
"నాలుగింటికి డ్యూటీ దిగుతది మేడం.
బస్సు ఆరున్నరకు గాని రాదు, అందాక పని జేపిస్తరు.
రెండున్నర. కాయితంల రెండే వడ్తంది.
గా అరగంట నేను ఉత్తగ నిలవడలే,
నలభై అడుగుల మీద ఉన్న.
అది ఎటు వోతాంది?"

అర ఉంటే పైకే పోవాలి కదా.
ఐదో తరగతిలో శకుంతల టీచర్ చెప్పింది,
బెత్తంతో.

అతను వెళ్ళాక నల్లటి తెరను అడిగాను.
మూడున్నర ఎంత?
నాలుగు.
రెండున్నర?
రెండు.
మళ్ళీ అడిగాను. రెండే.

సరిగ్గా సగం దగ్గర నిలబడ్డ అంకెను
అది సరిసంఖ్య వైపే తోస్తుందట.
ఒకసారి పైకి, ఒకసారి కిందికి,
లక్ష లెక్కలు కలిపితే ఎవరికీ అన్యాయం జరగదట.
చిన్నప్పుడు పిడికిట్లో చింతగింజలు పట్టి
సరా బేసా అని ఆడేవాళ్ళం.
ఎప్పుడూ సరే గెలిచే ఆట
ఎవరాడతారు?

క్రేన్ గ్యాంగు బస్సు ఏడున్నరకు.
వాళ్ళకు మూడున్నర, కాగితంలో రోజూ నాలుగు.
లింబాద్రికి రోజూ రెండు.
సగటు చక్కగా ఉంది.
అతని అరగంట మాత్రం
సాయంత్రం సాయంత్రం క్రేన్ ఎక్కి కూర్చుంటోంది.
సగటు మనిషికి ఏ బస్సూ లేదు.
లింబాద్రికి ఉంది, ఆరున్నరకు.

రాత్రి ఆ లైను తీసేశాను.
గంటలొద్దు, నిమిషాలే ఉంచమన్నాను.
నూటయాభై.
విరగడానికి అందులో ఏమీ లేదు.

పొద్దున కురియన్ సార్ బాగుందన్నాడు,
వచ్చే నెల నుంచి అన్నాడు.
"మరి పాతవి?"
ఆయన కిటికీ పరదా సర్దాడు, ఎండేమీ పడకపోయినా.
"క్రేన్ వాళ్ళ దగ్గర వెనక్కి లాక్కోమంటావా?"
నేను అడిగింది అది కాదు.

నెలకు పదమూడు గంటలు, పదకొండు నెలలు.
గంటకు ఆరువందల బైసాలు.
ఆ అట్ట ముక్క నా టేబుల్ మీదే మర్చిపోయాడు,
లేకపోతే వదిలి వెళ్ళాడు.
దాని వెనక నీలం పెన్నుతో నేను కూడిన మొత్తం:
నూట నలభై మూడు.
ఎటు తిప్పి చూసినా బేసి.
ఇంకా సరి కాలేదు.