అభిషేకం నీళ్లు పోవడానికి

పల్లవరం శుక్రవారం సంతలో
తుప్పుపట్టిన కుట్టుమిషన్లకీ
అద్దం పగిలిన డ్రెస్సింగ్ టేబుల్‌కీ మధ్య
అదొక్కటే ఠీవిగా కూర్చుని ఉంది.
మోకాలెత్తు కుర్చీ.
బర్మా టేకు, అంటాడు అన్వర్ భాయ్.
ఏ కర్రయినా ఆయనకి బర్మా టేకే.

వీపుకి చెక్కిన ద్రాక్షగుత్తి,
ముందుకి జారిపోకుండా ఒక అడ్డకర్ర,
దానికి గుచ్చిన నాలుగు చెక్కపూసలు,
ఐదోది ఎప్పుడో ఊడిపోయినంత ఖాళీ.
కూర్చునే పలక నడుమ
కొబ్బరిచిప్పంత చిల్లు.
దాని అంచు మాత్రం
ఆటల్లో అరిగిన చింతగింజలా నున్నగా.

నంగనల్లూరు నించి వచ్చినావిడ
పూసల్ని ఒక్కోటే జరిపి చూస్తోంది.
గోకులాష్టమికి
వాళ్లింటి బాలకృష్ణుడికి సరిగ్గా సరిపోతుందట.
"మధ్యలో ఈ చిల్లెందుకు?"

అన్వర్ భాయ్ రెప్పయినా ఆర్పలేదు.
"అభిషేకం నీళ్లు కిందికి పోవడానికమ్మా.
పాతకాలం వాళ్లు ఎంత ఆలోచించారో చూడండి."

నవ్వు గొంతు దాకా వచ్చింది.
మింగాను.

అదేమిటో నాకు తెలుసు.
మా అవ్వ పెంచలమ్మ
గూడూరులో రైలెక్కి వచ్చి
పెరంబూరు రైల్వే బంగళాలో దొరబిడ్డకి ఆయా అయింది.
పొద్దున్నే వాణ్ణి ఇలాంటి దాన్లో కూర్చోబెట్టి
అడ్డకర్ర బిగించి
ఎదురుగా గొంతుక్కూర్చుని
"ఉస్స్... ఉస్స్..." అనేదట.
దాన్ని ఇంగ్లీషులో ఎట్లా అనాలో తెలీక
తెలుగులోనే.
వాడికి అర్థమయ్యేది.
కిందున్న ఎనామిల్ గిన్నె తీసేటప్పుడు
కొంగు ముక్కుకి అడ్డం పెట్టకూడదని
దొరసాని ఆజ్ఞ.

చీకటి పడ్డాక వ్యాసర్పాడి గుడిసెకొచ్చి
రెండు కాళ్లూ చాపి
పాదాలు దగ్గరికి చేర్చి
ఆ సందులో మా అమ్మని కూర్చోబెట్టేది.
మా ఇంటి కుర్చీ అది.
వెచ్చగా ఉండేది.
అప్పుడప్పుడూ కదిలేది, తిమ్మిరెక్కేది,
తిట్టేది కూడా.
పూసలుండవు.
ఆడుకోవడానికి మెట్టెలు.
మా అమ్మ నన్ను, నేను నా ఇద్దరినీ
కూర్చోబెట్టింది దాన్లోనే.

"దొరబిడ్డ ఏడ్చేవాడా అవ్వా?"
"ఏడవకేం. కొయ్య చల్లగా ఉంటది గదే,
మార్గళి నెలలో మరీనూ.
దొరసాని చూడనప్పుడు
నా కాళ్ల మీదికి లాక్కునేదాన్ని."
కాస్త ఆగి,
ఆ దొరసాని ఇంకా పక్కగదిలోనే ఉన్నట్టు
గొంతు తగ్గించి
"ఎవరికీ చెప్పబాక" అంది.

బేరం మూడువేల రెండొందల దగ్గర ఆగింది.
ఆవిడ నా వైపు తిరిగి
బాగుందా అని అరవంలో అడిగింది.
చెప్పాలా?
భాయ్ నా మొహంలోకే చూస్తున్నాడు.
నోరు తెరిచాను.
"పూస ఒకటి తక్కువుంది," అన్నాను,
"ఇంకో వంద తగ్గించమనండి."

ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లిందావిడ,
ద్రాక్షగుత్తిని గుండెకి ఆనించుకుని.

స్టేషన్ బెంచీ మీద చెప్పులు విప్పాను.
మడమలు పగిలి, పాదాలు వాచి.
ఇప్పుడు నేల మీద కూర్చుంటే
లేపడానికి ఇద్దరు కావాలి.
ఊరికే, దగ్గరికి చేర్చి చూశాను.
సందు అట్లాగే ఉంది.
తాంబరం బండి వచ్చింది, పోయింది.

అష్టమి నాడు ఆ బుజ్జి విగ్రహం మీద
పాలు పోస్తారు, నీళ్లు పోస్తారు.
ఆ చిల్లులోంచి చక్కగా కిందికి పోతాయి.
భాయ్
అబద్ధమేం చెప్పలేదు.