నాలుగో ప్రూఫు

మొదటి కార్డులో అన్నీ కుక్కాను:
పెళ్ళిళ్ళు, రసీదు పుస్తకాలు, నాయన పేరు,
వినాయకుడి బ్లాకు.
"కార్డా, కరపత్రమా?" అంది పెంచలమ్మ.

రెండోదానికి 'ళ'లు చాలలేదు.
గడిలో మిగిలినవి రెండు, ఒకటి తల విరిగింది.
పెళ్ళిళ్ళు శుభకార్యాలయ్యాయి.

మూడోది బాగుందనుకున్నా.
స్టిక్కులో తిరగబడ్డ వరస చదివి
'నాణ్యత' ఏరి పక్కనేసింది:
"అది చెప్పేది కాదు సామీ, తగలాల."

నాలుగోదానిలో కొట్టు పేరు, స్టోన్‌హౌస్‌పేట. అంతే.
ట్రెడిల్ తొక్కితే
అక్షరాలు అట్టలోకి దిగబడ్డాయి.

బియ్యం మిల్లు గుమాస్తా రేటు అడగలేదు.
కార్డు తిరగేసి, ఏమీ లేని వైపు
బొటనవేలితో తడుముతూ నిలబడ్డాడు.
"మా పాప పెళ్ళికి నాలుగొందలు కొట్టండి."

నేను 'ళ' గడి వైపు చూశాను.
పెంచలమ్మ అప్పటికే కూర్చేస్తోంది,
వాళ్ళమ్మ పలికినట్టు:
పెండ్లి.