మరియు

ఆర్విడ్ స్కోగెన్ ఒక కాఫీ డబ్బా తెచ్చి
నా కిటికీ ముందు పెట్టాడు. మూత తీయమన్నాడు.
లోపల ఎలుక గూడు.
గోనె పీచు, గోధుమ పొట్టు, ఎవరిదో తెల్ల వెంట్రుక,
మధ్యలో ఆకుపచ్చ అంచున్న కాగితం తునకలు.
"ఇదే ట్రక్కు టైటిల్," అన్నాడు.

ఈ కౌంటర్ వెనక పందొమ్మిదేళ్లుగా కూర్చున్నాను.
వాషింగ్ మెషీన్‌లో ముద్దైనవి చూశాను,
కుక్క నమిలినవి, కోపంలో చించినవి,
పాత పెళ్లాం పేరు మీద కొత్త పెళ్లాం సిరా ఒలకబోసింది ఒకటి.
పిల్లల్ని పెంచిన టైటిల్ మాత్రం ఇదే మొదటిది.

ఫారంలో మూడు గళ్లు:
పోయింది. దొంగిలించారు. పాడైంది.
ఆర్విడ్ పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.
"ఎలుక పట్టుకుపోయింది కదా, అది దొంగతనం.
నాలుగు నెలలు ఎక్కడుందో తెలీదు, అప్పుడు పోయినట్టే.
ఇప్పుడేమో ఇలా దొరికింది."
ఒక్క గడిలోనే టిక్కు, అన్నాను.
వడగళ్లకో ఫారం, కరువుకో ఫారం నింపుతూ
ముసలివాడైన రైతు. పాడైందనే పెట్టాడు.

ఛాసిస్ నంబరు సిగరెట్ అట్ట మీద రాసుకొచ్చాడు.
సున్నాలకి కడుపులో గీత గీశాడు, ఓ అక్షరం అనుకుంటానేమోనని.
కొట్టాను. తెర మీద తేలింది:
ఆర్విడ్ స్కోగెన్ మరియు నెల్స్ స్కోగెన్.

"లేదా అని ఉంటే నీ ఒక్కడి సంతకం చాలు," అన్నాను.
"మరియు అని ఉంది. ఇద్దరూ రావాలి."

ఊళ్లో ఒకప్పుడు వాళ్లని ఒక్క ఊపిరిలో అనేవాళ్లం
ఆర్విడూ నెల్సూ అని, దీర్ఘాలు కలిపి.
ఇప్పుడు మరియు అంటున్నది ఈ కంప్యూటరు ఒక్కటే.
తొమ్మిదేళ్లైంది. కంచె అంటారు కొందరు,
వాళ్లమ్మ కుట్టుమిషను అంటుంది మా అత్త.
ఉత్తర డకోటాలో ఎదురొచ్చిన ప్రతి బండికీ
స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతాం,
ముక్కూ మొహం తెలియనివాడికి కూడా.
ఆ ఒక్క వేలూ లేవలేదు, ఈ తొమ్మిదేళ్లూ.

ఆర్విడ్ డబ్బాకి మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.
"ఉత్తరం నువ్వే రాయి వాడికి," అన్నాడు.

గురువారం వచ్చారు. కౌంటర్‌కి ఆ చివర ఒకడు,
ఈ చివర ఒకడు. బూట్ల కింద మంచు కరిగి
రెండు మడుగులు.
మా పెన్నుకి గొలుసు ఉంటుంది, పూసల గొలుసు.
నెల్స్ దాకా అందలేదు.
నేను వేరే పెన్ను ఇవ్వొచ్చు. సొరుగులో డజను ఉన్నాయి.
ఇవ్వలేదు.
నాలుగడుగులు నడవడానికి అతనికి
ఎంతసేపు పట్టిందో గడియారం చూడలేదు కానీ
ప్రింటరు మూడుసార్లు నిట్టూర్చింది.

సంతకం పెడుతూ, తల ఎత్తకుండా, నాతో:
"హీటరు పనిచేస్తోందేమో అడుగు."
గోడ మీద క్యాలెండరు చూస్తూ, ఆర్విడ్ నాతో:
"ఎడమవైపు ఒక్కటే అని చెప్పు."
"ఎడమవైపెప్పుడూ అంతే," అన్నాడు నెల్స్.
ఇది నాతో అన్నాడో లేదో తెలీదు.

పాడైన టైటిల్‌ని మేం స్వాధీనం చేసుకోవాలి. రూలు.
కనుబొమలు పీకే పట్టకారుతో తునక తునకా ఏరి
కవరులో వేశాను. ఒక తునక మీద "యు" మిగిలింది.
పీచూ పొట్టూ వెంట్రుకా ప్రభుత్వానికి అక్కర్లేదు.

కొత్తది పోస్టులో వస్తుందన్నాను.
దాని మీద అచ్చై ఉంటుంది, ఇది నకలు,
పాతది దొరికినా చెల్లదు అని.
విన్నారు. ఒకరి వెనక ఒకరు బయటికెళ్లారు,
తలుపు పట్టుకున్నది ఎవరో
అద్దం మీది పొగమంచులో కనిపించలేదు.

డబ్బా ఇక్కడే మరిచిపోయారు.
ఫైళ్ల మీద ఉంది, గూడుతో సహా.
ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోవచ్చు.
దానికి రెండు సంతకాలు అక్కర్లేదు.